ఫ్లాస్కు అడుగున చక్కెర

డిసెంబరు 6, 1982. సోమవారం.

మా ఆయనకు కూతురు చచ్చిందట. కూతురి ఫ్లాస్కు మాత్రం కావాలట.

పొద్దున్నే అటక వైపు చూస్తూ నిలబడి — "ఏమ్మే, ఆ ఎర్ర ఫ్లాస్కు యాడుంది? చేనికాడ చలి సంపుతాంది. కాఫీ పోసియ్యి, తీసకపోతా."

సరోజ నంద్యాల హాస్టల్లో చదివేటప్పుడు నేను కొనిచ్చిన ఫ్లాస్కు అది. మూడేళ్ల కింద పిల్ల మా కులం కాని మెకానిక్కును పెళ్లి చేసుకుందని తెలిసిన రోజు, దాని బట్టలూ పుస్తకాలూ అన్నీ దిబ్బలో పోయించాడు ఈయన. తలస్నానం చేసి వచ్చి, "ఇంగ ఆ పేరెత్తినోళ్లు ఈ గడప దాటి పోవల్సిందే" అన్నాడు. ఫ్లాస్కు ఒక్కటి నేను పాత చీరలో చుట్టి దాచాను. దాచానని ఈయనకెట్లా తెలుసు?

జొన్న పాలకంకి మీదుంది. తెల్లారకముందే చిలకలు దిగుతాయి. చలి కూడా నిజమే. దించి ఇచ్చాను.

డిసెంబరు 7.

ముందు మరిగే నీళ్లు పోసి, తిప్పి పారబోసి, అప్పుడు కాఫీ పోస్తే ఎక్కువసేపు వేడి నిలుస్తుంది. బెల్లం, చిటికెడు సొంటి. బిరడా బిగించి ఇచ్చాను. తిరిగొచ్చి అరుగు మీద పడేశాడు — అడుగున గసి, బిరడా జిడ్డు. కడగడానికి నేనున్నాను కదా.

డిసెంబరు 10.

చలి. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. రాసింది చాలు.

డిసెంబరు 13. సోమవారం.

ఫ్లాస్కు కడిగి వచ్చింది!

పెళ్లయినప్పటి నుంచీ తాగిన లోటా పక్కకు జరిపిన పాపాన పోలేదు ఈ మనిషి. "ఎవరు కడిగినారు?" అంటే, "నేనే... కాలవలో" అని మొహం అటు తిప్పుకున్నాడు. కాలవ నీళ్లకు బిరడా అంత తెల్లగా వస్తుందా? చింతపండు పెట్టి రుద్దిన బిరడా అది. ఆడమనిషి చెయ్యి.

పాడు మనసు ఎక్కడెక్కడికో పోయింది. ఈ వయసులోనా... ఛీ. అన్నం సహించలేదు.

డిసెంబరు 14.

ఈ రోజు అడుగున చక్కెర. కరిగీ కరగని పలుకులు, గాజుకు అంటుకుని. ఆ మూతిలో వేలు దూరదు. కాసిని నీళ్లు పోసి తిప్పి నోట్లో వేసుకున్నాను. చక్కెరే. మా ఇంట్లో అందరికీ బెల్లం కాఫీ.

డిసెంబరు 15.

పప్పు రుబ్బుతుంటే తట్టింది.

ఒకసారి సెలవులకొచ్చి, ఇదే ఫ్లాస్కును కడిగి, ఆరబెట్టి, లోపల ఇంత చక్కెర వేసి మూస్తోంది. "ఏందే అది?" అన్నాను. "ఖాళీగా మూసిపెడితే ముక్క వాసన పడతాది మా. హాస్టల్లో అందరం ఇట్లే చేస్తాం." చక్కెర దండగ అని తిట్టాను కూడా.

సరోజ.

సరోజ. సరోజ. ఇక్కడైతే ఎత్తొచ్చు పేరు.

డిసెంబరు 17.

పేడ ఎత్తడానికొచ్చే సుంకులమ్మను నిలదీశాను. దాని నోట్లో నువ్వు గింజ నానదు. ఈ ఒక్క సంగతి ఎట్లా నాన్చుకుందో మహాతల్లి.

"ఊర్లో అందరికీ తెల్సు గదమ్మా! ఆళ్లగడ్డలో షెడ్డు పెట్టుకున్యారు, ఎనకాల రూములోనే కాపరం. ఆర్నెల్లయింది వచ్చి. మగబిడ్డ పుట్నాడు, నెల దాటింది. పెద్దాయన పొద్దున్నే ఆడ సైకిలాపి..." అని నాలిక కరుచుకుంది.

నాకు మనవడు. నెల దాటింది. ఊరందరికీ తెలుసు.

డిసెంబరు 18.

పిల్ల కాన్పుకి నేను లేను. ఒళ్లు పట్టింది ఎవరు? బాలింత కాయం పెట్టింది ఎవరు? ఎక్కడున్నా ఒక్కసారి చూసొస్తానని ఈయన కాళ్లు పట్టుకున్నాను, పోయిన ఉగాదికి. "పో. పోయినదానివి మళ్లా రాబాకు" అన్నాడు. నాకు గడప అడ్డం పెట్టి, తాను మాత్రం పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు రోజూ పోయొస్తున్నాడు. అదీ నా కాఫీ పట్టుకుని! అత్త సొమ్ము అల్లుడు దానం.

అడగాలి. అడిగితే ఈయన పోవడం మానేస్తే? అప్పుడు ఆ వేడి కాఫీ కూడా ఉండదు బాలింతకి.

సొంటి ఎక్కువ వేశాను. మూతి దాకా పోశాను.

డిసెంబరు 20.

చక్కెర.

డిసెంబరు 24. శుక్రవారం.

"రేపు నేనూ వస్తా చేనికి" అన్నాను.

"ఆడోళ్లకేం పని ఆడ? మంచుకి దగ్గు పట్టుకుంటాది." ఎంత ప్రేమో!

ఫ్లాస్కు కడుగుతూ ఏడ్చాను. కడిగేదేముంది, కడిగే వచ్చింది. ఊరికే మళ్లీ కడిగాను.

డిసెంబరు 29.

ఆయనకు జ్వరం. రెండు దుప్పట్లు కప్పినా వణుకు. దేవుడు ఉన్నాడు.

పాపం, అట్లా రాయకూడదు. రాశాను.

డిసెంబరు 30. గురువారం.

ఇంకా మసక చీకటి. కాఫీ ఫ్లాస్కులో పోస్తుంటే దుప్పట్లోంచి — "అదెందుకు?"

"చిలకలు దిగుతాయి గదా. నేను పోతాండా. నాకు చలి గాదా?"

"సుంకులమ్మను పంపు."

వినబడనట్టు బయటపడ్డాను. చేను వైపు చూడనే లేదు. చిలకలు తింటే తిననీ. మొదటి బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగి, షెడ్డు వెనక్కి పోయాను. అంతా గ్రీజు వాసన. తట్టకముందే తలుపు తెరుచుకుంది. ఆ వేళకు తెరవడం అలవాటే కదా.

"ఏం నాయనా, ఈ పొద్దు ఆలీసెం..." అంటూ నన్ను చూసి ఆగిపోయింది.

చిక్కిపోయింది నా తల్లి. చెవులకు గుడ్డ కట్టుకుని ఉంది.

"నాయనకు జరం" అన్నాను.

"ఆయన పంపిస్తే వచ్చినావా?"

"నేనొచ్చినట్టు ఆయనకు తెలీదు."

నన్ను ఎగాదిగా చూసింది. "నా మొకం సూడనని దేవుని కాడ ఒట్టేసుకుంటివంట గదా మా? నాయన వచ్చినప్పుడల్లా అదే చెప్తాడు. నాదేముంది, మీ అమ్మే ఒప్పుకోదు, మొండిది అని."

నేనా! దిండు తడిపింది నేను. కాళ్లు పట్టుకుంది నేను. మొండిదాన్నీ నేనే! ఆయన మంచి తండ్రి కావడానికి నన్ను రాక్షసిని చేసి కూర్చోబెట్టాడు, ఇన్నాళ్లూ, నా బిడ్డ ముందు.

"కాఫీ హోటల్లో పట్టిస్తాండా అన్నాడు" అంది సరోజ. "సొంటి ఏసే హోటలు ఆళ్లగడ్డలో యాడుంది మా? మొదటి గుక్కకే తెలిసిపాయ. కాఫీ పంపిస్తాది, తాను రాదు, ఏందీ మనిషి అని ఏడ్చినా. అందుకే చక్కెర ఏసినా. చూస్తావని. చూసి వస్తావని."

"చూసినా."

"ఎప్పుడు?"

పదహారు రోజుల కిందనే అని ఎట్లా చెప్పేది? దానికి అర్థమైంది.

లోపల బిడ్డ ఏడ్చాడు. ఎత్తుకొచ్చింది, గడప అవతలే నిలబడి చూపించింది. అచ్చం ఆయన ముక్కు. చేతులు చాచాను. ఇవ్వలేదు.

"ఒగరి తర్వాత ఒగరు దొంగల మాదిరి రాబాకండి మా. వస్తే ఇద్దరూ కలిసి రాండి, పట్టపగలు. లేకుంటే వద్దు." నా చేతిలోంచి ఫ్లాస్కు తీసుకుంది. "ఇది నాదే గదా."

తలుపు వేసింది. మెల్లిగానే వేసింది.

డిసెంబరు 31. శుక్రవారం.

జ్వరం దిగింది ఆయనకు. లేచి మొహం కడుక్కుని, "చేనికి పోవల్ల. కాఫీ పోసినావా?" అన్నాడు. కాఫీ పొయ్యి మీదే ఉంది, గిన్నెలో. గూట్లో చూశాడు. అటక మీద చూశాడు.

"ఫ్లాస్కు యాడ?"

"సరోజ కాడుంది."

మూడేళ్లు ఈ ఇంట్లో వినబడని పేరు. నా గొంతే నాకు కొత్తగా వినబడింది.

"ఏమంటివి?"

"పేరెత్తినా. ఎత్తినోళ్లు గడప దాటల్ల గదా, దాటతాండా. మొండిదాన్ని గదా నేను! ఇద్దరూ కలిసి పట్టపగలు రమ్మంది పిల్ల. లేకుంటే వద్దంది. ఇదో, నువ్వొస్తావా రావా?"

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. తుండు చెవులకు చుట్టుకుని వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. ఏమన్నా అబద్ధం వెతుక్కుంటున్నాడేమో. నాకిప్పుడు ఏ అబద్ధమూ వద్దు.

కాఫీ లోటాలో పోసి పక్కన పెట్టి వచ్చాను. చీర మార్చుకుని ఇది రాస్తున్నాను. మొదటి బస్సు పోయింది. ఒక్కదాన్నే పోతే ఆ తలుపు తెరుచుకోదు.

కిటికీలోంచి కనబడుతున్నాడు. ఈ చలికి కాఫీ ఎప్పుడో చల్లారి ఉంటుంది. లోటా ముట్టలేదు. చెప్పులూ ముట్టలేదు.

రెండో బస్సుకు ఇంకా కొంచెం టైముంది.