దేవుని గూట్లో రెండు పొట్లాలు

ఎల్లారెడ్డి,
2-2-2014

చిరంజీవి వినోదకు అమ్మమ్మ ఆశీస్సులు.

ముందుగా ఒక తప్పు దిద్దాలి. ‘చింతపండు గింజలు తీస్తూ నువ్వు చెప్పిన కథలు నేనెటు పొమ్మంటే అటు పోయేవి’ అని రాశావు. పోలేదు. నువ్వు అడవి బాట అన్నా, ఏటి బాట అన్నా రాజకుమారికి ఆ పళ్లూడిన ముసలిదాని గుడిసే ఎదురయ్యేది. నాకు తెలిసిన గుడిసె అదొక్కటే.

ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేను, నా మోకాళ్లు. మోకాళ్ల అభిప్రాయం కొంచెం వేరు. మీ అమ్మ కామారెడ్డి నుంచి వచ్చి నా కూరలో ఉప్పు తగ్గించి పోయింది. పక్కింటి గంగామణి, “నీ మనవరాలు ఇంక ఆటలే ఆడుతున్నదా, టీచరమ్మా?” అని అడిగింది. “ఆడుతున్నది. నీ కొడుకు లెక్క పేకాట గాదు” అన్నాను. రెండు రోజులుగా గోడవతల ప్రశాంతంగా ఉంది.

ఇక నీ ప్రశ్న. కంప్యూటర్ ఆటలో కొండదారిన ఒక ముసలాయనను వదిలేస్తావా, వెంట తీసుకుపోతావా అని అడిగారు. నువ్వు తీసుకుపోయావు. తర్వాతి అంకంలో చనిపోయాడు. మళ్లీ మొదటి నుంచి ఆడి వదిలేశావు. అప్పుడూ చనిపోయాడు. ‘ముగింపు ముందే రాసిపెట్టుకున్నోళ్లు నన్నెందుకు అడగాలె, అమ్మమ్మా?’ అన్నావు. దాని కింద అక్షరాలు చిన్నవి చేసి, తాత పదేళ్ల తిథికి రానని, ఆ రోజు నీ చెయ్యి తెల్లపువ్వు పొట్లం మీద పడి ఉంటే తాత ఇంకొన్నాళ్లు బతికేవాడని రాశావు. చిన్న అక్షరాలు టీచర్లు చదవరనుకున్నావా?

మీ అమ్మానాన్న మస్కట్‌లో ఉన్న రోజులవి. నీకు పదేళ్లు. నిన్ను కామారెడ్డి హాస్టల్ బడిలో వేయాలని నేను, వద్దని తాత. తాత గారాబంలో నీకు ఎనిమిదో ఎక్కం కూడా రాలేదు. చివరికి ఆయన, “దేవునికే ఇడిసిపెడుదాం” అన్నాడు. ఎటూ తేలనప్పుడు మన ఇంట్లో చేసేదే: ఎర్రపువ్వొక పొట్లం, తెల్లపువ్వొక పొట్లం కట్టి, గూట్లో దేవుని ముందు పెట్టి, చిన్నపిల్లతో తీయించడం. ఎర్రది వస్తే పోవాలి, తెల్లది వస్తే ఉండాలి. నీకు ఎర్రది వచ్చింది. తాతే నీ పెట్టె సర్దాడు. ఆ మాఘంలోనే పోయాడు.

పొట్లాలు కట్టింది నేను. రెండింటిలోనూ ఎర్రమందారమే పెట్టాను.

తాతతో వాదించి గెలవగలిగేదాన్నే వినోదా. గెలిచాక ఆయన మొహం చూడలేకపోయేదాన్ని. అందుకే దేవుని మీదికి నెట్టాను.

నువ్వు వెళ్లిన సాయంత్రం ఆయన గూడు తుడుస్తూ రెండో పొట్లం విప్పాడు. “టీచరమ్మా, దీంట్ల గూడ ఎర్రదే ఉన్నదేందే?” నేను బియ్యం ఏరుతూ తలెత్తలేదు. ఆయన ఆ పువ్వు తెచ్చి నా చాటలో వేశాడు. “నన్నంటే ఓడగొడితివి, దేవున్ని గూడ ఇడువకపోతివి. పిల్లకు జెప్పకు. దేవుడే పంపిండనుకుంటె ధైర్నంగ ఉంటది.”

ఆ మాట పట్టుకుని పదేళ్లు ఊరుకున్నాను. అది నీకు ధైర్యం కాలేదు, బరువైందని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. ఆ రోజు నువ్వు ఎంచుకున్నది ఏమీ లేదు. ఆ చెయ్యి నాది.

అయితే ఆదివారాల మాటేమిటి? వార్డెన్‌తో కొట్లాడి, కండక్టర్ యాకూబు పక్కన కూర్చుని తొలి బస్సుకు దిగేదానివి. తాత గోళ్లు కత్తిరించి, సాయంత్రం బస్సుకు ముక్కు చీదుకుంటూ పోయేదానివి. రమ్మని నేను రాయలేదు, ఆయనా రాయలేదు. శనివారం నుంచే గోళ్లు చూసుకుంటూ కూర్చునేవాడు. ఆటలో ముసలాయన నీతో నడిచినప్పుడు నిన్ను ‘బిడ్డా’ అని పిలిచాడని నువ్వే రాశావు. వదిలేసినప్పుడు పిలవలేదు కదా. మరి రెండూ ఒకటే కథ ఎలా అవుతుంది?

క్షమించమని అడగను. అడిగితే దానికీ పొట్లాలు కట్టానంటావు. తిథి పదహారున. రావడం, మానడం నీ ఇష్టం. ఈసారి నిజంగానే.

వస్తే మాత్రం, కామారెడ్డిలో బస్సు మారేటప్పుడు స్టాండు ఎదుటి కరెంటు సామాన్ల దుకాణంలో ఐదు మీటర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు కొను. నీ కంప్యూటర్ బ్యాటరీ అరగంట ఆగదన్నావు, మన ప్లగ్గేమో వంటింట్లో ఉంది. ఆ ముసలాయనను నేనూ కొంతదూరం నడిపించాలి. మూడు పిన్నులదే అడుగు. దుకాణంలోనే పెట్టించి, లైటు వెలిగిందని చూశాకే డబ్బులివ్వు.

ఇట్లు,
రెండు పొట్లాలూ కట్టిన
నీ అమ్మమ్మ