నాకు కావలసింది రాళ్ళు మోసే బండి

మాచర్ల
1947, వేసవి

పెద్దన్నయ్యకు చెల్లెలి నమస్కారాలు. నేనూ పిల్లలూ కులాసా.

నరసరావుపేటలో నువ్వు మాట్లాడిపెట్టిన చిన్న వ్యాను నేను కొనలేదు. ఆ అమ్మేవాడి దొడ్లోనే నిలబడున్న పాత మిలిటరీ లారీ కొన్నాను. కోప్పడతావని తెలుసు. అయినా పూర్తిగా చదువు.

వ్యాను చానా నీటుగా ఉంది. ఎడ్లబండి మీద తీసుకెళ్ళిన నాపరాళ్ళు అందులోకి ఎక్కించమన్నాను. సగం ఎక్కేసరికే స్ప్రింగులు అణిగిపోయి చక్రాలు బాడీకి ఒరుసుకున్నాయి. "మనుషుల్ని ఎక్కించుకోమ్మా, రాళ్ళెందుకు?" అని నవ్వాడు అమ్మేవాడు. "మా బతుకే రాళ్ళు" అన్నాను. అవే రాళ్ళన్నీ లారీలో వేయించి వాగు గట్టు ఎక్కించమన్నాను. రంగుపోయిన ముసలిది, మూలగకుండా ఎక్కింది.

మా గని దగ్గర ఏటవాలులో ఎడ్లబండి ఇరుసు విరిగి, బండెడు రాళ్ళ కింద మీ బావ పోయాడు. మొయ్యలేని బండికి ఇంకో మనిషిని నేను అప్పజెప్పను.

"ఆడదానికి లారీ ఏంది, ఊరు నవ్వుద్ది" అని రాశావు. నవ్వనియ్. ఆయన పోయినప్పుడు గని అమ్ముకుని ఇంట్లో కూచోమన్నదీ ఈ ఊరే. నేను కూచోలేదు. లారీ మా గనిలో పనిచేసే యేసుపాదం తోలతాడు. మొదటి లోడుకి అతని పక్కన నేనే కూచుంటా.

ఆ మొదటి లోడు నీ కొత్తింటికే. సోమవారం పొద్దున్నే వస్తున్నాం. వాకిట్లో పందిరి గుంజలు పీకించి ఉంచు, లేకుంటే లారీ పట్టదు.

నీ చెల్లెలు