నీ గీత మీద ఇంకొకరి మాట

విమలా,

బాగున్నావా అని మొదలుపెట్టడం అలవాటు. అది వదిలేస్తున్నాను. నేను బాగానే ఉన్నాను. నువ్వు వెళ్ళి పద్నాలుగు నెలలైంది. బీపీ మాత్ర మానలేదు. వంటింట్లో కుళాయి కారడమూ మానలేదు.

ఇంతకీ ఈ ఉత్తరం ఒక పుస్తకం గురించి. నవ్వకు.

నువ్వు వెళ్ళాక వచ్చిన నవల. పెద్ద బహుమతి వచ్చింది. ఫోన్లలో దాని గురించి వీడియోలు, వాటిలో చదువుతూ కళ్ళు తుడుచుకునే వాళ్ళు. భార్య పోయిన ఒక మగవాడి కథ. ఇక నన్ను ఎవరు వదులుతారు?

మీ చెల్లెలు పద్మ ఒక కాపీ పంపింది. పై ఫ్లాటు మాస్టారు ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఫ్యాక్టరీలో నా కింద పనిచేసిన మురుగన్ తమిళ అనువాదం పట్టుకొచ్చి, "సార్, ఇది మీ కథే" అన్నాడు. మూడూ ఫ్రిజ్ మీద ఉన్నాయి. ఒక్క మనిషి మూడు పుస్తకాలతో ఏం చేసుకోవాలి?

చదివాను. "తెరిచిన పుస్తకం, పెట్టిన అన్నం సగంలో వదలకూడదు" అనేదానివి కదా. నాకు నచ్చలేదు. లోపం నాలోనే ఉందేమోనని రెండోసారి చదివాను. ఈసారి ఇంకా నచ్చలేదు.

అందులో ఆయన రోజూ పొద్దున్నే రెండు కప్పుల కాఫీ కలుపుతాడు. ఒకటి తను తాగుతాడు. రెండోది ఆమె పెంచిన మల్లె మొక్కకి పోస్తాడు. పాలూ చక్కెరా వేసిన కాఫీ ఏడాది పొడుగునా పోస్తే మొక్క బతుకుతుందా? చీమలు పట్టవా? బతకడమే కాదు, చివర్లో విరగబూస్తుంది. అందరూ అక్కడే ఏడుస్తున్నారట.

నేను మొదటి రోజు నుంచీ ఒక్క గ్లాసే కలుపుకున్నాను. రెండోది ఎవరికని కలపాలి? అంటే నాకు నీ మీద... సరే, వదిలేయ్.

అసలు చిరాకు అది కాదు. మూడు వందల పేజీల్లో ఆమె ఒక్కసారైనా విసుక్కోదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన తడి తువ్వాలు మంచం మీద వేయలేదా? వేస్తే ఆమె చిరునవ్వు నవ్విందా? నువ్వెప్పుడైనా నవ్వావా? "ఇదేమన్నా మెరీనా బీచా, తడిగుడ్డ ఆరేసేదానికి?" అనేదానివి. పక్క వాటాకి వినబడేలా.

ఆస్పత్రిలో నీ పక్కన కూర్చుని పేపరు మడత పెడుతుంటే, "ఆ చప్పుడు నిలపండి ముందు" అన్నావు. నువ్వు నాతో అన్న ఆఖరి మాటల్లో అదొకటి. ఆ నవలలో ఆమె ఆఖరి మాట సముద్రం గురించి.

పద్మ ఫోన్ చేసింది. "ఏడ్చినారా బావా?" అని అడిగింది. లేదన్నాను. పుస్తకం బాగాలేదన్నాను. "మీకు మొదట్నించీ అంతేలే, రాయి మాదిరి" అంది.

ఒక నవల నచ్చకపోతే పెళ్ళాం పోయినందుకు బాధ లేనట్టా? ఈ పరీక్ష ఎవరు పెట్టారు?

ఇక మీ పుస్తకాలవాళ్ళ సంగతి. ఇరవై ఏళ్ళు ప్రతి నెలా రెండో ఆదివారం మైలాపూరులో వరదమ్మగారింటికి వెళ్ళావు. పదకొండుమంది, నెలకొక పుస్తకం. నేను నీతో వచ్చి, కింద మెట్ల మీద కూర్చుని పేపరు చదువుకునేవాణ్ణి. నువ్వు పోయాక వాళ్ళు నన్ను పైకి రమ్మన్నారు. ఎనిమిది నెలలుగా వెళ్తున్నాను. ఎందుకో సరిగ్గా తెలీదు... పెరంబూరులో రైలెక్కి, సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి మైలాపూరు రైలు పట్టుకోవడం కాళ్ళకి అలవాటు. అంతే అనుకుంటాను.

మీ పద్ధతి నాకు పైకి వెళ్ళాకే తెలిసింది. నువ్వెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. చూలై పేటలో బైండింగ్ షాపున్న నాయుడుగారు, మీరు కొన్న ప్రతి పుస్తకానికీ గట్టి అట్ట వేసి, చివర పదకొండు గీతలున్న కాగితం ఒకటి కలిపి కుడతారు. గీతకొక పేరు. చదివినవాళ్ళు తమ గీత మీద ఒక్క మాట రాసి సంతకం పెట్టాలి. నీది ఏడో గీత.

వరదమ్మగారి బీరువాలో నీ గీతలు కొన్ని చూశాను. ఒకదాని మీద: "రాసినాయన వంటింట్లోకి ఎప్పుడూ పోలేదని తెలిసిపోతా ఉంది." ఇంకొకదాని మీద: "ఏడ్చినాను. అయినా బాగలేదు."

నువ్వు పోయాక కూడా నాయుడుగారు నీ పేరు తీయలేదు. ప్రతి కొత్త పుస్తకంలో ఏడో గీత ఖాళీగా ఉంటూ వచ్చింది. నాకు గీత లేదు. నేను అడగలేదు.

మొన్న ఆదివారం ఆ నవల వంతు. ఎప్పటికైనా వస్తుందని తెలుసు. వరదమ్మగారు, "అన్నా, ఈ దినం మీరే మొదలుపెట్టాల" అని పుస్తకం నా చేతిలో పెట్టారు. చివరి కాగితం తిప్పాను.

ఏడో గీత ఖాళీగా లేదు. "మా విమల ఉండి ఉంటే ఈ పుస్తకాన్ని గుండెలకు హత్తుకునేది." వరదమ్మగారి చేతిరాత. సంతకం చోట నీ పేరు.

కోపం అంటే ఆ మాట చాలదు. నువ్వు ఏ పుస్తకాన్ని గుండెలకు హత్తుకున్నావు? బోర్లించి, దాని మీద కళ్ళజోడు పెట్టి, పొయ్యి మీద ఏముందో చూడటానికి పోయేదానివి.

లేచి నిలబడ్డాను. ఈ ఎనిమిది నెలల్లో ఆ ఇంట్లో నేను పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండను. ఆ రోజు మాట్లాడాను. కాఫీ గురించి చెప్పాను. సముద్రం గురించి చెప్పాను. ఇందులో ఉన్నది భార్య కాదు, దండ వేసిన ఫోటో అన్నాను. అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. "విమల అయితే దీన్ని ముప్పై పేజీలకే అవతల పడేసేది. పడేసి, మీ అందరికీ మతిపోయిందనేది" అన్నాను.

నాయుడుగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు.

"ఏం సార్, ఆయమ్మ వచ్చి చెప్పిందా మీతో?"

"విమల సంగతి నాకు తెలీదా?" అన్నాను.

"మీకు తెలీకుండా ఎవురికి తెలుస్తుంది సామీ. అయినా వరదమ్మ రాస్తే తప్పు, మీరు చెప్తే రైటా? ఆయమ్మ ఈ బుక్కు చదవనే లేదే."

కూర్చున్నాను. ఇంకేం చేయను?

ముప్పై పేజీలకే పడేసేదట. నువ్వా? నచ్చని పుస్తకాన్ని తిట్టుకుంటూ ఆఖరి పేజీదాకా చదివే మనిషివి. ఒకసారి జ్వరంలో ఏదో దిక్కుమాలిన నవల పట్టుకున్నావు. పక్కన పెట్టమంటే, "ఉండండి, ఈయన ఇంకెంత దూరం పోతాడో చూడాల" అన్నావు. అంతా తెలిసి, వాదన గెలవడానికి నేను నిన్ను మార్చేశాను. పదిమంది ముందు, ఒక్క నిమిషంలో. ఆ రచయితకి కనీసం మూడు వందల పేజీలు పట్టాయి.

వరదమ్మగారు పైట చెంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. "నెలనెలా ఆ గీత ఖాళీగా చూడలేకపోయినాను అన్నా. ఏదో ఒకటి ఉండనీ అని రాసేసినా" అన్నారు. ఆవిడ మీద కోపం నిలబెట్టుకోవాలని చూశాను. కుదరలేదు.

ఆ కాగితం చింపేద్దామని ఎవరో అన్నారు. నాయుడుగారు ఒప్పుకోలేదు. అది చింపితే కుట్టంతా వదులై పేజీలు ఊడిపోతాయట. షాపుకి తీసుకుపోయి, కుట్టు విప్పి, కొత్త కాగితం పెడతానన్నారు. అందరూ మళ్ళీ రాయాల్సిందే. జేబులోంచి చీటీ తీసి పేర్లు వరసగా రాసుకుంటూ, మామూలుగా అడిగారు.

"ఏడోది ఎట్ల చేసేది సార్? ఖాళీగా పెట్టేస్తామా?"

అందరూ నా వైపు చూశారు. అది నన్నెందుకు అడగాలి... మరి ఎవరిని అడుగుతారు?

ఖాళీగా పెడితే మళ్ళీ ఎవరో ఒకరికి చూడబుద్ధి కాదు. వచ్చే ఏడాది ఇంకొకరు నింపుతారు. నేనే నింపుతానేమో, ఆ రోజు చూశాను కదా నన్ను. అలా ఏళ్ళ తరబడి నువ్వు చదవని పుస్తకాలన్నీ నీకు నచ్చుతూ పోతాయి. పదిమందికి నచ్చినవే నచ్చుతాయి. ఆ మనిషితో నేను కాపురం చేయలేదు.

"వద్దు" అన్నాను. "ఇకమీదట విమల పేరు వేయొద్దు. పది గీతలు చాలు."

గొంతు మామూలుగానే ఉందనుకుంటాను. వరదమ్మగారు లోపలికి వెళ్ళిపోయారు. నాయుడుగారు చీటీ మీద నీ పేరు కొట్టేయలేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, కొత్తది తీసి మొదట్నించీ రాశారు. నీ తర్వాత ఉండే జానకిగారు ఒక గీత పైకి వచ్చారు.

"పది కాదు సార్, పదకొండే. మీది కడాన వేస్తుండా" అన్నారు. తల ఊపాను. "నాకైతే బుక్కు భలే నచ్చింది. మూడు తూర్లు ఏడ్చినా" అని కూడా అన్నారు. ఆయనతో పోట్లాడే ఓపిక లేకపోయింది.

వచ్చేటప్పుడు రైల్లో ఒక్కటే ఆలోచన. ఆ పుస్తకం నీకు నిజంగానే నచ్చేదేమో. ఎందుకు నచ్చకూడదు? అప్పుడు మనిద్దరికీ పోట్లాట. నేను కాఫీ గురించి అనేవాణ్ణి. నువ్వేదో అనేదానివి. అది విని నేను ఇంకోటి... ఆ పోట్లాటని రెండు రోజులుగా నడిపించాలని చూస్తున్నాను. నా మాటలు వస్తున్నాయి. నీవి రావడం లేదు. మెరీనా బీచి లాంటి పాతవి వస్తున్నాయి. కొత్తది ఒక్కటీ రావడం లేదు.

ఈ పుస్తకం మీద నాకున్న అసలు కోపం అదేనేమో.

నిన్న నాయుడుగారి షాపుకి వెళ్ళి, కొత్త కాగితం మీద నేను రాసింది ఇది: "రెండుసార్లు చదివాను. నచ్చలేదు." సంతకం పెట్టాను.

వచ్చే నెల పుస్తకం తెచ్చుకున్నాను. కథల పుస్తకం, మరీ లావు లేదు. ఆఖరి పేజీదాకా చదువుతాను. నచ్చితే నచ్చిందని, లేకుంటే లేదని రాస్తాను. విమలకి ఎలా ఉండేది అని ఎవరైనా అడిగితే, తెలియదంటాను.

ఉంటాను.

సుందరం