పుస్తకంలో నూకమ్మ వయసు

డాక్టరమ్మ గారికి,

ఖుర్సీపార్ నుంచి, ఉక్కు ఫ్యాక్టరీ బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసినవాడు రాస్తున్నది. తప్పులుంటే సర్దుకుని చదవండి, నాది నాలుగో తరగతి.

కరోనాతో మీ వార్డులో ఉన్న నూకమ్మ నా పెళ్ళాం. ఊపిరి మిషన్లు చాలక, డెబ్భై దాటినవాళ్ళని వరసలో వెనక పెడుతున్నారంట. నర్సమ్మ ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన మా మెడికల్ పుస్తకం చూసి, "దాదా, ఇందులో డెబ్భై నాలుగుంది, మై క్యా కరూఁ?" అంది, తనేం చెయ్యగలదని.

ఆ డెబ్భై నాలుగు నేనాడిన అబద్ధం. యాభై రెండేళ్ళ కిందట పెళ్ళాడి తెచ్చినప్పుడు దానికి పద్నాలుగు. "ఇంత చిన్నపిల్లని పెళ్ళామంటే క్వార్టరు ఇస్తారేటి?" అన్నాడు ఫ్యాక్టరీ గుమస్తా. ఇరవై రెండని రాయించాను, ఆ లెక్కే పుస్తకంలోకీ ఎక్కింది. ఇప్పుడు దానికి అరవై ఆరే.

మరోదా బస్తీలో ఉన్న దాని అన్న నరసింగరావు స్కూలు సర్టిఫికెట్ ఈ ఉత్తరంతో పెట్టాను. అతనికి అరవై ఎనిమిది. అన్న కన్నా చెల్లెలు పెద్దదవుద్దా?

నేను సిఫార్సు అడగను. వయసు దిద్ది, దాని వరసలో దాన్ని పెట్టండి. అబద్ధానికి శిక్షుంటే నాకు వెయ్యండి.

పొద్దుట నుంచి నాకూ దగ్గుంది. నా డెబ్భై ఐదు మాత్రం నిజం. నన్ను వెనకే ఉంచండి.

జవాబు కోసం గేటు బయటే ఉన్నాను,
నూకమ్మ మొగుడు