స్కురా కొండ కింది దారి

గ్రోడాల్ లోయ
16 జూన్ 1957

ప్రియమైన ఐవిన్‌కి,

ఆస్పత్రిలో నీ కాలు ఇంకా ఆ ఇనుప బరువులకే వేలాడుతోందా? ఇక్కడ వాగులో మంచునీళ్ళు తగ్గుముఖం పట్టాయి. ఆ వాగు దాటబోయే కదా నువ్వు జారిపడ్డావు. దాటిన ప్రతిసారీ దాన్ని ఒక తిట్టు తిడుతున్నాను.

పోయిన గురువారం మేకల్ని వేసవి మేతకని కొండ మీది నడిమి మకాంకి తోలాను. ముప్పై నాలుగూ క్షేమం. యోరున్ అత్త మనకంటే వారం ముందే తన మూడు ఆవులతో పై మకాం చేరిపోయింది. మేనల్లుడు ఎలా ఉన్నాడని అడిగింది. కాలు అతుక్కుంటోందని చెప్పాను. "వాడికి నడక నేర్పింది నేనే. పడడం మాత్రం వాడే నేర్చుకున్నాడు" అంది.

నువ్వు మే నెలలో ఆపేసిన చోటి నుంచి, నడకకి వచ్చేవాళ్ళ కోసం వేస్తున్న చుట్టుదారి పని నేను అందుకున్నాను. వంతెన దగ్గర మొదలై, తూర్పు వాలున జనం వదిలేసి పోయిన నాలుగు కొండ కమతాల మీదుగా లోయ చివరిదాకా బండలన్నిటికీ ఎర్ర గుర్తులు పడ్డాయి. ఇక మిగిలింది పడమటి వైపే. స్కురా కొండ కింద మూడు వేసవి మకాంలూ దాటుకుంటూ మళ్ళీ వంతెన దాకా. హాల్‌స్టెన్ అప్పుడే ఆగస్టు 18 ఆదివారం ప్రారంభమని అచ్చు వేయించేశాడు. నడక సంఘం కార్యదర్శి అయినప్పటి నుంచి అతనికి అచ్చు పిచ్చి పట్టుకుంది.

ఒక్కటే చిరాకు. మేకలు ఈసారి స్కురా కింది గడ్డికి పోవడం లేదు. ఎంత తోలినా ఆ పెద్ద రాళ్ళ దాకా వచ్చి, చెవులు నిక్కించి, వెనక్కి తిరుగుతాయి. మకాం దగ్గరి ఊటనీళ్ళు బూడిద రంగులో వస్తున్నాయి. అత్త జున్ను గది తలుపు గడపకి పట్టేసి మూసుకోవడం లేదట. చెక్క ఉబ్బిందనుకుంటున్నాం. వానలైతే లేవు.

త్వరగా నయం చేసుకుని రా.

నీ సిన్నోవ

*

బెర్గెన్
23 జూన్

ప్రియమైన సిన్నోవకి,

కాలు వేలాడుతూనే ఉంది. పక్క మంచం మీద హెర్రింగ్ చేపల పడవాయన ఉన్నాడు. పగలంతా సముద్రం గురించి గొప్పలు చెబుతాడు, సూది చూస్తే మాత్రం దుప్పటి కప్పుకుంటాడు. ఆయన లేకపోతే నాకు ఇక్కడ పిచ్చెక్కేది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒక మాట చెబుతాను, కోప్పడకు. పడమటి వైపు రంగు వెయ్యకు. నేను వచ్చాక చూసుకుందాం. మేకలు స్కురా కిందికి పోకపోతే వాటిని బలవంతం చెయ్యకు. వీలైతే వాటిని తూర్పు వాలుకి మార్చు. అత్తని కూడా ఈ వేసవికి కిందికి రమ్మని అడిగి చూడు. వంట్లో నలతగా ఉందని చెప్పి, సాయానికి పిలిచినట్టు పిలువు.

ఎందుకని అడక్కు. మంచంలో ఉన్నవాడి చాదస్తం అనుకో.

నీ ఐవిన్

*

గ్రోడాల్ లోయ
8 జూలై

ప్రియమైన ఐవిన్‌కి,

నువ్వు అడక్కు అన్నావు. నేను అడగలేదు. వెళ్ళి చూశాను.

నిజానికి చూద్దామని వెళ్ళలేదు. గంట కట్టిన ముసలి మేక శనివారం పైకి పారిపోతే దాని వెనక పడి ఎక్కాను. స్కురా భుజం మీద, మన మకాం ఎక్కడో అగ్గిపెట్టెలా కనబడే ఎత్తున, నేల చీలి ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకి చూపు ఆనలేదు. ఒక రాయి వేశాను. కింద పడ్డ చప్పుడు వినబడలేదు.

చీలికకి రెండు పక్కలా బండలో దిగ్గొట్టిన ఇనుప మేకులు ఉన్నాయి. పక్కనే ఎర్ర రంగుతో అంకెలు. పోయిన జూలైలో నలభై ఒక్క సెంటీమీటర్లు. అక్టోబరులో నలభై నాలుగు. చివరిది మే 19, యాభై ఎనిమిది. ఆ తేదీ చివరి 57లో లాగా ఏడు అంకెకి మెడలో అడ్డగీత పెట్టేది ఈ లోయలో నువ్వొక్కడివే, ఐవిన్.

మే 19న వాగు దగ్గర పడ్డానని నాతో చెప్పావు. నిన్ను మోసుకొచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నా దగ్గరున్న తాడుతో కొలిచి, కిందికొచ్చి కొలబద్ద మీద పరిచి చూశాను. డెబ్బై ఒకటి.

ఇప్పుడు రోజూ రాళ్ళు పడుతున్నాయి. పెద్దవి కావు. కానీ గాలి లేని రోజున కూడా పడుతున్నాయి. అత్త పాలు పితుకుతూ, నిన్నటికి ఇవాళ్టికి చప్పుడు దగ్గరైందని నాతో అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

నువ్వు నాకేం చెప్పలేదో అంతా రాయి. దాచకుండా రాయి.

నీ సిన్నోవ

*

బెర్గెన్
15 జూలై

ప్రియమైన సిన్నోవకి,

పోయిన వేసవిలో దారికి అడ్డదోవ వెతుకుతూ దాన్ని చూశాను. మొదట పాతదే అనుకున్నాను. మేకులు కొట్టి చూస్తే తెలిసింది, నడుస్తోందని.

చెప్పలేకపోయాను. పడమటి వైపు తీసేస్తే అది చుట్టుదారి కాదు. వచ్చిన దారినే తిరిగి పొమ్మంటే పట్నం నుంచి ఎవరొస్తారు? జనం వస్తేనే వంతెన దగ్గర ఆగిన రోడ్డుని లోయలోకి పొడిగిస్తామన్నారు. రోడ్డు రాకపోతే మన కమతం కూడా తూర్పు వాలున ఉన్న ఆ నాలుగింటిలాగే పొగ లేని పొగగొట్టంతో మిగులుతుంది. కొండలు వందేళ్ళ పాటు నెమ్మదిగా కదులుతాయి, మన జీవితకాలం గడిచిపోతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. రోజూ చెప్పుకోవాల్సి వచ్చేది.

మేలో కొలవడానికి వెళ్ళినప్పుడు అంచు విరిగింది. కాలు అక్కడే పోయింది. పైన ఏం చేస్తున్నావని ఎవరైనా అడుగుతారని, ఆ విరిగిన కాలితో వాగు దాకా పాకుతూ వచ్చాను. మూడు గంటలు పట్టింది. నిన్ను చూడగానే నీళ్ళలో జారానని చెప్పాను.

హాల్‌స్టెన్‌కి చెప్పు. నువ్వే చూశానని చెబితే సరిపోతుందేమో. నా మేకుల సంగతి చెప్పకపోయినా పరవాలేదేమో.

పై వాక్యం కొట్టేద్దామనుకున్నాను. నేనెలాంటివాణ్ణో నీకు తెలియాలని ఉంచేశాను.

నీ ఐవిన్

*

గ్రోడాల్ లోయ
2 ఆగస్టు

ప్రియమైన ఐవిన్‌కి,

హాల్‌స్టెన్‌ని తీసుకెళ్ళి చూపించాను. చాలాసేపు చూశాడు. తర్వాత చీలికలు లేని కొండ ఎక్కడుందని అడిగాడు. రాళ్ళ సంగతి తెలిసిన మనిషిని రాజధాని నుంచి పిలిపిస్తాడట, ఆయన సెప్టెంబరులో గానీ రాడట. ఆహ్వానాలు వెళ్ళిపోయాయి, బ్యాండువాళ్ళు ఒప్పుకున్నారు. "ఒక్క రోజు నడిచిపోతారు. ఆ ఒక్క రోజే కూలుతుందంటావా?" అన్నాడు. నేను వెయ్యనన్నందుకు పడమటి వైపు గుర్తులు తనే వేయిస్తున్నాడు.

కొలత తొంభై ఆరు.

మేకల్ని తూర్పు వాలుకి దింపేశాను. అత్త రానంది. నీరసంగా ఉందని అబద్ధం చెబితే, నా బుగ్గలు చూసి నవ్వింది. చీలిక సంగతి ఆమెకి నువ్వే చెప్పాలి.

నా మాట ఒక ఆడమనిషి భయంలా వినబడుతోంది. నీ మాట అలా వినబడదు. ప్రారంభం రోజున వంతెన దగ్గర, అందరి ముందూ నీ ఉత్తరం చదువుతాను. మేకులు, అంకెలు, పాక్కుంటూ రావడం, అన్నీ. నీ అనుమతి కావాలి. అది రాకపోయినా చదువుతాను.

నీ సిన్నోవ

*

బెర్గెన్
7 ఆగస్టు

ప్రియమైన సిన్నోవకి,

చదువు. నా పేరు చదువు. కొట్టేద్దామనుకున్న ఆ వాక్యం కూడా వదలకు.

ఈ కవరులోనే అత్తకి వేరే కాగితం పెట్టాను. ఆమెకి కళ్ళు ఆనవు, నువ్వే చదివి వినిపించు. మకాం ఎప్పుడు దిగాలో ఆమె కంటే ఎవరికీ బాగా తెలియదని, కానీ ఈ ఒక్కసారి ఆమె నిర్ణయానికి కావలసిన సంగతిని నేను ఏడాది పాటు దాచిపెట్టానని రాశాను.

రాత్రుళ్ళు నిద్ర రావడం లేదు. పడవాయన ఎందుకని అడుగుతున్నాడు. ఆయనకి కూడా చెప్పేశాను.

నీ ఐవిన్

*

గ్రోడాల్ లోయ
27 ఆగస్టు

ఐవిన్‌కి,

ఈపాటికి నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అయినా నా చేత్తో రాయాలి.

నీ కాగితం అత్తకి చదివి వినిపించాను. ఆమె పొయ్యి ఆర్పి, శనివారం ఆవుల్ని తోలుకుని కిందికి వచ్చేసింది. మన పాకలో కట్టేశాం.

ఆదివారం వంతెన దగ్గర నూట నలభై మంది ఉన్నారు. బ్యాండు ఆగగానే రాతి మీద ఎక్కి చదివాను. ఒక్క మాట కూడా మింగలేదు. పట్నం నుంచి వచ్చిన ఒక బడిపంతులు, పిల్లలున్నారు, నేను తూర్పు వైపే వెళ్ళి తిరిగొస్తానన్నాడు. అతని వెనకే అందరూ వెళ్ళారు. వచ్చిన దారినే తిరిగొచ్చి, పుల్లమీగడ జావ తిని, కాఫీ తాగారు.

ఆ రోజంత ఎండ ఈ వేసవిలో కాయలేదు. స్కురా మీద నుంచి ఒక్క రాయి కూడా పడలేదు. సాయంత్రం బస్సెక్కుతూ ఒకడు, కొండ కూడా ఆదివారం సెలవు తీసుకుందని అన్నాడు. నవ్వులు బస్సు కదిలేదాకా వినిపించాయి. అత్త మన గుమ్మంలో కూర్చుని ఉంది. ఆమెకి కళ్ళు ఆనవు కానీ చెవులు బాగానే పనిచేస్తాయి.

సోమవారం ఆవులు పాలు చేపలేదు. కొత్త పాకలో బెదిరాయి. మంగళవారం పొద్దున్నే ఆమె కర్ర తీసుకుంది. నేను గేటుకి అడ్డం నిలబడ్డాను.

"అత్తా, వద్దు. ఇంకో వారం ఆగు."

"అరవై ఏళ్ళుగా ఆ కొండ కింద పడుకుంటున్నా. జనం నవ్వింది విన్నావుగా. నేను కూడా వాళ్ళలో ఒకదాన్ననుకో."

"నీ మేనల్లుడు రాసింది?"

"వాడు ఏడాది పాటు అక్కడేం లేదన్నట్టు తిరిగాడు. ఇప్పుడు ఉందంటున్నాడు. ఏ ఐవిన్‌ని నమ్మను చెప్పు?"

నన్ను మెల్లగా పక్కకి జరిపి, ఆవుల్ని తోలుకుపోయింది.

గురువారం పదకొండు గంటలకి పాల క్యాన్లు కడుగుతున్నాను. ముందు చప్పుడు రాలేదు. గాలి వచ్చింది. పాక తలుపు ఊడిపోయింది. తర్వాత ఆ చప్పుడు. దుమ్ము తేలిపోయేటప్పటికి స్కురాకి భుజం లేదు. మూడు మకాంలూ లేవు. రాళ్ళు అడ్డం పడి నది నాలుగు గంటలు ఆగిపోయింది. వంతెన కింద అడుగురాళ్ళ మీద చేపలు కొట్టుకుంటుంటే చూస్తూ నిలబడ్డాం.

ఆమె కోసం ఆరు రోజులు వెతికారు. ఆపేశారు.

నిన్న హాల్‌స్టెన్ టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు. కాఫీ పోస్తే తాగలేదు. తను కూడా నవ్వానని చెప్పాడు. ఆ గేటు దగ్గర నేను పక్కకి జరిగాను కదా, అతన్ని నేనేం అనగలను? కానీ వాళ్ళందరికీ ఈ సంగతి నమ్మడానికి ఒక్క ఉదయమే దొరికింది. అత్తకి మూడు రోజులు. నాకు ఆరు వారాలు. నీకు ఏడాది ఉంది, ఐవిన్.

శనివారం నిన్ను ఇంటికి పంపిస్తామని ఆస్పత్రివాళ్ళు రాశారు. మర్నాడు చర్చిలో అత్త పేరు చదువుతారు. లోయంతా వస్తుంది. నువ్వు చంకకర్రల మీద వాళ్ళందరి మధ్య నుంచి నడిచి, ముందు వరుసలో చనిపోయినవారి బంధువుల బెంచీ మీద కూర్చోవాలి. ఆమెకి మనం తప్ప ఎవరూ లేరు.

నేను నీ పక్కనే కూర్చుంటాను. క్షమించానని అనుకోవద్దు. అది ఎప్పటికి అవుతుందో, అసలు అవుతుందో లేదో నాకే తెలియదు. అంత పెద్ద బెంచీ మీద నిన్నొక్కడినే కూర్చోబెట్టడం నావల్ల కాదు, అంతే.

సిన్నోవ