పొయ్యి దగ్గర నిలబడలేక

చిరంజీవి అడెలీనోకి,

అమ్మ దీవెనలు. ఇవాళ్టికి ఇక్కడ అందరం కులాసా. ఇవాళ్టికి అని ఎందుకు రాశానో కింద చెబుతాను, కంగారుపడి ముందే కాగితం తిరగేయకు. ఆ రొయ్యల పడవ మీద నువ్వు వేళకింత తింటూ, ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నావని తలుస్తాను. డార్విన్‌లో ఇంకా వాన పడలేదు. మబ్బులు రోజూ వచ్చి ఉరుముతాయి, ఊరందరినీ ఆశపెట్టి సముద్రం మీదికి పోతాయి. నీళ్ళతొట్టిలో నీళ్ళు కూడా కాగబెట్టినట్టే ఉంటున్నాయి.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. నీ పాప ముక్కు అచ్చం మీ నాన్న ముక్కే. పాపం ఆడపిల్ల, ఏం చేస్తాం! పేరేమిటని అడుగుతావేంరా, నెల నిండకుండా పేరు పెడతారా ఎక్కడైనా? నెల నిండి, ఎర్రరంగు వేసిన గుడ్లు ఊరందరికీ పంచే రోజుకి నువ్వు వచ్చి నీ నోటితోనే పిలవాలి. పెరట్లో మామిడికాయలు గబ్బిలాలు తిన్నంత తిని మిగిలినవి మాకు పారేస్తున్నాయి. మీ కెప్టెన్ కాలు నయమైందా? నాటు మందు పంపమంటే పంపుతాను.

ఒడెట్‌కి ఫ్యాను వేస్తున్నావా అమ్మా, అని నీ పెళ్ళాం గురించి చివర్లో ఒక్క ముక్క రాశావు. దానికి జవాబు రాయలేకే ఇన్నాళ్ళూ కాగితాలు చించుతూ కూర్చున్నాను. వేయలేదురా.

మన పద్ధతి నీకు తెలియనిదా. నెల తిరిగేదాకా బాలింతకి గాలి సోకకూడదు, చన్నీళ్ళు ముట్టకూడదు, తలస్నానం అసలే కూడదు. తిమోర్‌లో మా అమ్మ నన్ను అలాగే చూసింది. కాబట్టి ఒడెట్ గది కిటికీల అద్దపు రెక్కలన్నీ మూసేశాను. కాళ్ళకి మేజోళ్ళు, పొడుగు చేతుల చొక్కా, తలకి గుడ్డ. ఒడెట్ చెమటలో తడిసి ముద్దయినా నవ్వేది. ఒకరోజు అల్లం కోడి గిన్నె తీసుకెళితే, "అత్తయ్యా, నన్నూ కోడినీ ఒకే గిన్నెలో వండేస్తున్నారా ఏంటి?" అంది.

"కోడి నోరు మూసుకుని ఉడుకుతుంది, దాన్ని చూసి నేర్చుకో," అన్నాను.

ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

పాప ఏడవదు, బంగారుతల్లి, పాలు తాగుతూనే నిద్రపోతుంది అని పోయిన ఉత్తరంలో గొప్పగా రాశాను. నువ్వది పడవలో అందరికీ చదివి వినిపించావట. అది చదివి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. ఆ తర్వాతే, పసిపిల్లల్ని చూసే సిస్టర్ ఇంటికి వచ్చింది. గదిలో అడుగుపెడుతూనే, "ఇదేం గదండీ బాబూ, పొయ్యిలా ఉంది! ముందా కిటికీలు తీయండి," అని నామీద అరిచింది. పాపని త్రాసులో పెడితే పుట్టినప్పటికన్నా బరువు తగ్గింది. పిల్లని అందుకోవడానికి లేచిన ఒడెట్ లేచినట్టే కూలబడిపోయింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, మాట తడబడుతోంది. అంబులెన్సులో ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వెనక సీట్లో కూర్చుని నేను మొక్కని దేవుడు లేడు. కాస్త తేరుకున్నాక, నీకు కబురు చేద్దామంటే ఒడెట్ వద్దంది. "సముద్రం మధ్యలో ఉన్న మనిషి, విని ఏం చేస్తారు అత్తయ్యా? ఊరికే బెంగపడతారు," అంది.

భయపడకు, ఇద్దరూ ఇంటికొచ్చేశారు. ఒడెట్‌కి సెలైను పెట్టారు, చల్లటి గదిలో పడుకోబెట్టారు, అడిగినన్ని చన్నీళ్ళు ఇచ్చారు. అంతా వేడి వల్లే అన్నారు. వేడి నిజమేరా. కానీ వేడి ఒక్కటే కాదు, అది నాకొక్కదానికే తెలుసు. ఇక నీ అమ్మ చేసిన పని విను.

బాలింతకి పెట్టే కోడి కూరకని జాడీలో జిగురు బియ్యం సారా నేనే పులియబెట్టాను కదా. మా అమ్మ వండే తీరు వేరు. కోడిని అల్లంతో వేయించి, సారా పోసి, పొయ్యి దగ్గరే నిలబడి మరిగించేది. ఆవిరికి అగ్గిపుల్ల చూపిస్తే నీలం మంట లేచేది. ఆ మంట దానంతటది ఆరిపోయి, మళ్ళీ చూపించినా అంటుకోనప్పుడే గిన్నె దించేది. సారాలో మత్తు పోయి, సత్తువ మిగలాలి. పెళ్ళికి ముందే నాకు నేర్పిన పని అది.

నేనలా చేయలేదు. వంటగదిలోంచి బాలింత గదిలోకి గాలి వస్తుందని అక్కడా కిటికీలు మూసేశాను కదా, పొయ్యి వెలిగిస్తే ఊపిరాడేది కాదు. కళ్ళలోకి చెమట కారేది. మొదటిసారి కొంచెం ముందే దించాను, ఏం కాలేదనిపించింది. ఆ తర్వాత కోడి ఉడికాక చివర్లో సారా పోసి, ఒక్క పొంగు రాగానే దించేసేదాన్ని. పైగా పాలు చాలడం లేదేమో, పాప త్వరగా రొమ్ము వదిలేస్తోంది అనుకుని ఇంకో గరిటె ఎక్కువ పోశాను. నీ కూతురిది బంగారుతల్లి నిద్ర కాదురా, మత్తు.

ఆసుపత్రిలో ఆ కోడీ లేదు, సారా లేదు. మర్నాడు పాప కళ్ళు తెరిచి వార్డు దద్దరిల్లేలా ఏడ్చింది. నాకప్పుడే అర్థమైంది. డాక్టరమ్మ మద్యం అలవాటుందా అని ఒడెట్‌ని అడిగింది. "నేనా? ఛఛ!" అని నవ్వింది ఒడెట్. "మా అత్తయ్య అల్లం వేసి కోడి వండి పెడతారు, పాపం ఎంత కష్టపడతారో!" అంది. మరిగిన సారాలో ఏముంటుంది అనుకుంది. మనవాళ్ళలో ఎవరైనా అలాగే అనుకుంటారు, ఎందుకంటే ఎవరైనా మరిగిస్తారు. నేను పక్కనే ఉన్నాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. పాప దుప్పటి మడతపెడుతూ ఊరుకున్నాను.

ఇంటికొచ్చాక ఒడెట్ పిల్లకి రొమ్ము ఇవ్వడం మానేసింది. "నా పాలల్లోనే ఏదో లోపం ఉంది అత్తయ్యా, లేకపోతే బిడ్డ ఎందుకలా చిక్కిపోతుంది?" అని సీసా పాలు కలిపింది. సిస్టర్ ఎంత బతిమాలినా వినలేదు. అప్పుడైనా చెప్పానా? కాసేపాగి చెబుదాం, భోజనాలయ్యాక చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ గడిపేశాను. మూసిన గదిలో, నేను చెప్పానని, ఆ పిల్ల పొద్దస్తమానం పడుకుంది. నేను ఆ పిల్ల కోసం ఒక్క గిన్నె మరిగేంత సేపు పొయ్యి దగ్గర నిలబడలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోతున్నానురా.

ఇక్కడిదాకా రాసి కలం పక్కన పెట్టాను. ఒడెట్‌కి చెప్పకుండా ముందు నీకు రాయడం కూడా దొంగబుద్ధే అనిపించింది. ఈ కాగితాలు పట్టుకెళ్ళి ఒడెట్ మంచం పక్కన కూర్చుని మొదటినుంచీ చదివాను. కిటికీలు తీసే ఉన్నాయి, ఫ్యాను గట్టిగా తిరుగుతోంది, కాగితాలు ఎగిరిపోకుండా మోకాలికి అదిమిపట్టుకున్నాను. ఒడెట్ అంతా విని, గుండీలు విప్పి, పాపని రొమ్ముకి పెట్టుకుంది. పాప రెండుసార్లు చప్పరించి, ఏమీ రాక మొహం తిప్పేసుకుని గుక్కపెట్టి ఏడ్చింది. ఒడెట్ మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే.

"మొన్నటిదాకా కారిపోతూనే ఉన్నాయి అత్తయ్యా," అంది. "గుడ్డ గట్టిగా కట్టుకుని మరీ ఆపేశాను. మొన్న చెప్పి ఉంటే సరిపోయేది."

సీసా కలిపి తెచ్చి ఇచ్చాను, తీసుకుంది. సిస్టర్‌ని రేపు రమ్మన్నాం, పాలు మళ్ళీ పడతాయేమో చూస్తానంది, గట్టిగా చెప్పలేనంది. ఒడెట్ నా మొహం చూడలేదు. గదిలోంచి వెళ్ళమని కూడా అనలేదు.

నువ్వు వచ్చాక నాకోసం దానికి సర్దిచెప్పకు. కోప్పడితే కోప్పడనీ, ఆ హక్కు దానికుంది.

ఇట్లు,
నీ భార్యకీ బిడ్డకీ అపకారం చేసిన
మీ అమ్మ