కాగితాలమ్మ షరతు

సైనికుల నివాసాల గేటుకి ఎదురుగా నలభై మూడేళ్ళుగా యూనిఫారాల కుట్టు దుకాణం నడుపుతున్న నేను, వయసు డెబ్భై రెండు, కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తున్నాను కనుక బుద్ధి కూడా స్థిరంగానే ఉందని నమ్మవచ్చు. ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరి మొహమాటానికీ లొంగకుండా, నా స్వార్జిత ఆస్తి గురించి నా ఇష్టప్రకారం ఈ వీలునామా రాయిస్తున్నాను. ఇంతకుముందు రాసింది ఏదీ లేదు. అసలు పేర్లూ, ఇంటి నంబర్లూ జతపరచిన పట్టికలో లాయరుగారు వరసగా రాశారు. ఇక్కడ మాత్రం ఇంట్లో పిలుచుకునే పిలుపులే ఉంటాయి. మనవరాలిని పూర్తి పేరుతో రాస్తే ఎవరో పరాయి పిల్లకి ఇస్తున్నట్టుంటుంది.

1. అమలుదారు. జీతాల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన తమ్ముడు ఈ వీలునామాను అమలు జరపాలి. సొంత తమ్ముడు కాదు, అంతకంటే ఎక్కువ. మా ఆయన పోయినప్పుడు ఇతనికి ఇరవై మూడేళ్ళు. నేను ఆ ఆఫీసు కిటికీ దగ్గర నెలల తరబడి నిలబడితే, పై అధికారి చేత తిట్లు తిని నా పింఛను కాగితాలు కదిలించాడు. ఏ కాగితం ఎందుకో చదివి చెప్పాడు. ఇతనికి దుకాణంలోని పేము కుర్చీ ఇస్తున్నాను. రోజూ సాయంత్రం అందులోనే కూర్చుంటాడు, ఇవ్వకపోయినా లేచేలా లేడు.

2. ఈ అంశంలో ఆస్తి ఏమీ లేదు. జరిగింది రాయకపోతే ఆరో అంశం ముసలిదాని చాదస్తంలా కనిపిస్తుంది. లాయరుగారు ఇది అక్కర్లేదన్నారు. ఫీజు ఇచ్చేది నేను కనుక రాశారు.

మా ఆయన సైన్యంలో లారీ డ్రైవరు. పెళ్ళికి ముందు ఉద్యోగంలో చేరినప్పుడు, తనకేమైనా అయితే డబ్బు ఎవరికి చేరాలో రాసే నామినీ కాగితంలో వాళ్ళ అన్నయ్య పేరు రాశారు. తల్లీ తండ్రీ లేరు, పెంచింది అన్నయ్యే, అప్పటికి అది న్యాయమే. తర్వాత నన్ను చేసుకున్నారు, మా అమ్మాయి పుట్టింది. ఏటా జనవరిలో ఆఫీసు వాళ్ళు కుటుంబంలో మార్పు ఏమైనా ఉందా అని కాగితం పంపేవారు. ఏటా ఈయన ‘మార్పు లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేసేవారు. అలా ఆరేళ్ళు. ఇంట్లో పెళ్ళాం, ఉయ్యాల్లో పిల్ల, కాగితంలో మాత్రం మార్పు లేదు.

కొండ దారిలో బండి జారి ఆయన పోయారు. ఇన్సూరెన్సు మొత్తం మా బావగారి చేతికి వెళ్ళింది. నెల పింఛనుకి నేను ఆయన భార్యనేనని రుజువు చేసుకునేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ గేటు ముందు గోనెపట్టా పరుచుకుని, వచ్చేపోయే సైనికుల చొక్కాలకు గుండీలు కుట్టి, అయిదేళ్ళ పిల్లకి అన్నం పెట్టాను. ఈ దుకాణం అలా మొదలైంది.

3. మా బావగారికి. ఆ డబ్బుతో ఆయన లారీ కొన్నారు. తమ్ముడు నన్ను నమ్మి రాశాడు అని నలుగురిలో అన్నారు. అప్పటినుంచి నేను ఆయన గడప తొక్కలేదు. క్షమించినట్టు ఒక్క ముక్క రాయమని మా అమ్మాయి పోరుతోంది. రాయను.

అయితే మొన్న చలికాలంలో గుమాస్తా తమ్ముడు ఒక సంగతి బయటపెట్టాడు. మా ఆయన ఆఖరి రెండేళ్ళలో మూడుసార్లు ఆ కిటికీ దగ్గరికి వచ్చారట. మార్చే ఫారం తీసుకుని, కలం తెరిచి, అన్నయ్య పేరు మీద గీత పెట్టలేక, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారట. నన్ను పరాయివాణ్ణి చేశావా అని అన్నయ్య బాధపడతాడేమోనని. ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటే, చెబితే నీకు ఇంకా కోపం వస్తుందనుకున్నానక్కా అన్నాడు. వచ్చింది. మూడు రోజులు అతనికి టీ ఇవ్వలేదు. నాలుగో రోజు కూర్చుని ఏడ్చాను. నేను ఇన్నేళ్ళూ బద్ధకస్తుడని తిట్టిన మనిషి బద్ధకస్తుడు కాదు, ఉత్త మొహమాటస్తుడు.

కనుక మా ఆయన ఉన్ని కోటు బావగారికి చేరాలి. మొదటి పోస్టింగుకి వెళ్ళేటప్పుడు అది బావగారే కొనిచ్చారు. గుండీలు కొత్తవి కుట్టాను, చంకలో చిరుగు కూడా కనపడకుండా రఫూ చేశాను. ఎనభై మూడేళ్ళ మనిషి, చలికి పనికొస్తుంది.

4. మా అమ్మాయికి, అంటే బళ్ళో లెక్కలు చెప్పే టీచరమ్మకి, దుకాణం పైనున్న రెండు గదుల ఇల్లు సర్వహక్కులతో చెందాలి. నా తలనొప్పులన్నీ పంచుకుని పెరిగిన పిల్ల. నువ్వంటే నాకు గర్వమని ఎదురుగా ఎప్పుడూ అనలేదు, అంటే నెత్తికెక్కుతావని. ఇప్పుడు నీకు నలభై ఎనిమిది, ఇక ఎక్కినా ఫరవాలేదు.

5. దుకాణం పద్ధతి. ప్రమోషను వచ్చి, చేతికి కొత్త పట్టీ కుట్టమని ఎవరొచ్చినా నేను మూడు అడుగుతాను. నామినీ కాగితం ఇప్పటి కుటుంబం పేరున ఉందా? మూడు నెలల ఇంటిఖర్చు విడిగా దాచావా? నువ్వు లేనప్పుడు ఖాతా నడపడం ఇంట్లోవాళ్ళకి తెలుసా? కాగితం నకలు కళ్ళారా చూడందే పట్టీ కుట్టను. కాగితాలమ్మ అని పేరు పెట్టి, తిట్టుకుంటూ వెళ్ళి తెచ్చేవారు. ఒక హవల్దారు నాతో గొడవపడి వేరే చోట కుట్టించుకున్నాడు. నెల తిరక్కుండా పట్టీ వంకరపోయి మళ్ళీ నా దగ్గరికే వచ్చాడు, కాగితంతో సహా. దుకాణం ఎవరి చేతికి వచ్చినా ఈ పద్ధతి మానకూడదు.

6. మా మనవరాలు గడుగ్గాయికి దుకాణం, రెండు కుట్టుమిషన్లు, బ్యాంకులో నా పేరనున్న మొత్తం చెందాలి. ఇది కూడా సైన్యంలోనే చేరింది. ఈ నెల ఇరవై అయిదున సరిహద్దు పోస్టింగుకి వెళుతోంది. మొగుడు ఎలక్ట్రీషియను, పాపకి పది నెలలు. నామినీ ఎవరే అని అడిగితే, అమ్మ పేరే ఉంది అమ్మమ్మా, కొట్టేస్తే అమ్మ ఏమనుకుంటుందో అంది. తాత పోలిక ముక్కులో వచ్చిందనుకున్నాను, ఇందులోనూ వచ్చింది.

అందువల్ల షరతు. బండి ఎక్కేలోగా నామినీని మొగుడూ పాపల పేరున మార్చి, ఆఫీసు ముద్ర పడిన నకలు నాకు చూపాలి. చూపని పక్షంలో పై ఆస్తి యావత్తూ నేరుగా పాపకే, దాని తండ్రి సంరక్షణలో, దఖలు పడాలి. గడుగ్గాయికి నా కత్తెర ఒక్కటే మిగులుతుంది.

టీచరమ్మా, నీకూ ఒక మాట. కూతురి కాగితంలోంచి నీ పేరు పోతే కూతురు పోయినట్టు కాదు. మీ పెదనాన్న ఆ ఒక్క మాట మీ నాన్నతో ముందే అని ఉంటే మన బతుకు ఇంకోలా ఉండేది.

7. ఈ అంశం సంతకాల రోజున చేర్చింది. లాయరుగారు బ్యాంకు పుస్తకం తెమ్మంటే నిన్న మా అమ్మాయీ, గడుగ్గాయీ, నేనూ వెళ్ళాం. నా ఖాతాకి నామినీ ఎవరో చూసి కౌంటరు అమ్మాయి మా ఆయన పేరు చదివింది. పెళ్ళైన కొత్తలో ఆయనే తెరిపించిన ఖాతా అది. ఊరందరి కాగితాలూ అడిగిన నేను, నలభై మూడేళ్ళుగా పోయిన మనిషికి డబ్బు రాసిపెట్టాను. గడుగ్గాయి పడీపడీ నవ్వింది. నవ్వాల్సిందే.

మార్చే ఫారం ఇచ్చారు. కలం పట్టుకున్నాను. ఆ పేరు మీద గీత పెట్టడానికి చెయ్యి రాలేదు. కిటికీ దగ్గర ఆయన ఎలా నిలబడ్డారో అప్పుడు తెలిసింది. మా అమ్మాయి నా చేతిలోంచి కలం తీసుకుంది. గడుగ్గాయి సంచిలో తన నామినీ మార్చే ఫారం ఉంది, వారం నుంచి మోస్తోందట. మా అమ్మాయి దాన్ని బల్ల మీద పరిచి, అందులో తన పేరు తనే కొట్టేసి, కూతురి చేత పక్కన సంతకం పెట్టించి, కలం నాకు తిరిగి ఇచ్చింది. నేనూ కొట్టేశాను.

ముద్ర పడిన ఆ ఫారం నకలు ఈ ఉదయం నా కళ్ళతో చూశాను, దీనికి జతపరిచాను. కనుక ఆరో అంశంలోని షరతును ఇందుమూలంగా రద్దు చేస్తూ, దాని మీద నా చేత్తోనే గీత పెట్టాను. దుకాణం గడుగ్గాయిదే. మా ఆయన మూడుసార్లు వెళ్ళి గీయలేకపోయిన గీత, రెండు రోజుల్లో మా ఇంట్లో మూడుసార్లు పడింది. ఇరవై అయిదున స్టేషనుకి నేనూ వెళతాను, పాపని ఎత్తుకోవడానికి.

తేదీ: ఆగస్టు పదకొండు, మంగళవారం.

సంతకం: కాగితాలమ్మ. అసలు పేరుతో సంతకం పట్టిక కింద ఉంది.

సాక్షులు: పక్క చెప్పుల దుకాణం యజమాని, ఎదుటి మందుల షాపు ఆవిడ. ఇందులో ఇద్దరికీ చిల్లిగవ్వ రాదు, అందుకే పిలిచాను.